ప్రతిధ్వనిని లొంగదీసిన ఆచార్యుడు: వాలెస్ సేబిన్

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం మండలం అడవుల నడుమ నెలకొన్న ప్రాంతం. ఒకప్పుడు అక్కడి ఇండ్లు మట్టిగోడలతో, గడ్డి కప్పులతో, గూన పెంకులతో ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో సిమెంటు గోడలు, స్లాబు కప్పు, నున్నని బండల నేల గల ఇండ్లు వెలుస్తున్నాయి. వానకు కారని ఇల్లు, చెద పట్టని ఇల్లు ఎవరికైనా సంతోషమే. కాని ఆ కొత్త ఇంట్లో, సామాను సర్దక ముందు, ఒక్క మాట బిగ్గరగా పలికి చూచిన వారికి ఒక వింత అనుభవమవుతుంది. మాట ముగిసినా దాని మోత ముగియదు. పాత ఇంట్లో మన మాటను మౌనంగా విన్న గోడలే కొత్త ఇంట్లో మనకు ఎదురు పలుకుతాయి.

అటువంటి గదిలో ఒక విద్యార్థిని సెల్‌ఫోను ముందు కూర్చుండి, చూపు లేని తోటి విద్యార్థి కోసం పాఠ్యపుస్తకాన్ని చదివి రికార్డు చేయ పూనుకొన్నదనుకొందాం. ఆమె ఉచ్చారణ స్వచ్ఛమైనదే, గొంతు మంచిదే. అయినా రికార్డు విన్నప్పుడు ఎవరో బావిలోనుండి మాట్లాడుతున్నట్లుంటుంది. ఒత్తులు, దీర్ఘాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పుస్తకం చేతిలో లేని శ్రోతకు ఆ వినికిడియే సర్వస్వం. మాట చెదిరితే అతనికి పాఠమే చెదురుతుంది. ఆ బాలిక గొంతు సవరించుకొని మరింత బిగ్గరగా చదివినా ఫలితముండదు. గొంతు పెరిగితే గోడల బదులూ పెరుగుతుంది.

దోషం గొంతులో లేదు, గదిలో ఉన్నదని గుర్తించి, ఆ దోషాన్ని అంకెలలో కొలిచి, దానికి మందు చెప్పిన తొలి శాస్త్రజ్ఞుడు వాలెస్ క్లెమెంట్ సేబిన్. ఆయన మరణించి నూరేండ్లు దాటినా, ప్రపంచంలో ఎక్కడ ఒక సభాభవనం కట్టినా, ఒక రికార్డింగు గది అమర్చినా, ఆయన లెక్కతోనే పని మొదలవుతుంది.

సేబిన్ 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రిచ్‌వుడ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. పద్దెనిమిదేండ్లకే, 1886లో, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. అనంతరం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి 1888లో ఎం.ఏ. పట్టం పొంది, అక్కడే భౌతికశాస్త్ర బోధకులుగా స్థిరపడ్డారు. డాక్టరేటు పట్టం కోసం ఆయన సిద్ధాంత వ్యాసం సమర్పించలేదు. పాఠం చెప్పడంలోను, విద్యార్థుల ప్రయోగాలను తీర్చిదిద్దడంలోను ఆయన కాలం గడిచింది. తన పేరుతో పత్రాలు ప్రకటించుకొనే ఆత్రుత ఆయనకు ఏనాడూ లేదు. చెప్పిన మాటకు కొలత ఉండాలి, కొలతలో శంకకు తావుండరాదు అన్నదే ఆయన పట్టుదల.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ కళా ప్రదర్శనశాల ప్రారంభమైనది. భవనం అందంగా ఉన్నది. అందులోని ఉపన్యాస మందిరం మాత్రం ఎందుకూ కొరగాకుండా పోయినది. ఉపన్యాసకుడు మామూలు గొంతుతో ఒక మాట పలికితే అది అయిదున్నర సెకన్లపాటు గదిలో తిరుగాడుతూ ఉండేది. ఆ లోపల, ఎంత నిదానంగా మాట్లాడే వాడైనా, మరి పన్నెండు నుండి పదిహేను అక్షరాలు పలుకుతాడు. మొదటి అక్షరం చావకముందే పదిహేనవది పుట్టేది. అన్నీ కలిసి సంతలోని గోలవలె వినిపించేవి. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ చిక్కును తీర్చవలసిందని భౌతికశాస్త్ర శాఖను కోరగా, ఆ భారం ఇరవైయేడేండ్ల సేబిన్ మీద పడినది.

అప్పటికి గదులలో శబ్దం ఎలా ప్రవర్తిస్తుందన్న విషయం శాస్త్రం కాదు, కేవలం అదృష్టం. ఒక హాలు బాగా కుదిరేది, మరొకటి కుదిరేది కాదు. ఎందుకో ఎవరికీ తెలియదు. గదికి అడ్డంగా తీగలు కడితే ప్రతిధ్వని పోతుందని కొందరు నమ్మేవారు. ఆ తీగల వల్ల ఏ ప్రయోజనమూ లేదని తరువాత సేబిన్ నిరూపించారు. ఇటువంటి పని చేపట్టడం పేరు ప్రతిష్ఠలకు దారి కాదని తలచేవారూ ఆనాడు ఉండే ఉంటారు. సేబిన్ మాత్రం మూడేండ్ల యౌవనాన్ని ఆ ఒక్క గదికి ధారపోశారు.

ఇక్కడ ప్రతిధ్వనికి, ప్రతినాదానికి గల భేదాన్ని తెలుసుకోవడం అవసరం. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనులో పదోవంతు కాలం ఆలస్యంగా వచ్చిన శబ్దాన్ని మన చెవి వేరే శబ్దంగా గుర్తిస్తుంది. కనుక అడ్డుగోడ 17 మీటర్లకు మించిన దూరాన ఉంటే, పోయిన మాట తిరిగి వచ్చి రెండవ మాటగా వినిపిస్తుంది. అదే ప్రతిధ్వని. నాలుగు మీటర్ల గదిలో శబ్దం గోడకు తగిలి సెకనులో దాదాపు నలభయ్యోవంతు కాలంలోనే వెనుకకు వస్తుంది. అది వేరే మాటగా వినిపించదు, అసలు మాటకు తోకవలె అతుక్కొంటుంది. అలా గోడ నుండి గోడకు, నేల నుండి కప్పుకు వందలసార్లు తగిలి క్షీణించే శబ్దమే ప్రతినాదం. ఇంట్లో రికార్డు చేసేవారు ప్రతిధ్వని అని వాపోయేది చాలావరకు ఈ ప్రతినాదమే.

హార్వర్డ్‌లోనే శాండర్స్ థియేటర్ అనే మరొక మందిరం ఉన్నది. అది ఫాగ్ గది కంటె ఎంతో పెద్దది, అయినా అందులో మాట స్పష్టంగా వినిపించేది. దాని ఆసనాల మీద మెత్తలు పరచి ఉండేవి. సేబిన్ దృష్టి ఆ మెత్తలపై పడినది. రాత్రివేళ థియేటర్‌లోని మెత్తలను ఫాగ్ గదికి మోయించి, వరుసగా పరచి, కొలిచి, తెల్లవారేలోగా వాటిని తిరిగి యథాస్థానానికి చేర్చేవారు. పగలు వాహనాల రొద ఉండేది కనుక, ఆయన పరిశీలనలు అర్ధరాత్రి నుండి వేకువవరకు సాగేవి. సెకనుకు 512 కంపనాలనిచ్చే ఒక ఆర్గన్ గొట్టం, కాలాన్ని నమోదు చేసే ఒక సాధనం, ఆయన చెవులు. ఇవే ఆయన పరికరాలు. గొట్టాన్ని మ్రోగించి ఆపివేసేవారు. నాదం చెవికి అందక పోయిన క్షణంలో మీట నొక్కేవారు. ఆ మధ్య కాలమే గది యొక్క ప్రతినాద కాలం.

మెత్తలు లేనప్పుడు ఆ కాలం 5.62 సెకన్లు. మొదటి వరుసలో 8.2 మీటర్ల పొడవున మెత్తలు పరచగా 5.33 సెకన్లకు తగ్గినది. మెత్తలు పెరిగిన కొలది కాలం తగ్గుతూ వచ్చినది. ఆసనాలన్నిటి మీద, నడిచే దారుల మీద, వేదిక మీద, వెనుక గోడకు కప్పు వరకు కప్పివేయగా 1.14 సెకన్లకు దిగినది. అప్పుడు ఆ గదిలో మాట మాటగా వినిపించినది.

ఇంతటితో ఆగినా ఆయనను ఒక నేర్పరిగా లోకం మెచ్చుకొనేది. ఆయనను శాస్త్రజ్ఞునిగా నిలిపినది వేరొక సంఘటన. నెలల తరబడి శ్రమించి మూడు వేలకు పైగా పరిశీలనలు పోగుచేసిన తరువాత, వాటిలో చిన్న తేడాలు ఆయనకు కనిపించినవి. కారణం వెదకగా, అది తాను తొడుక్కొన్న దుస్తులే అని తేలినది! దళసరి కోటు వేసుకొన్న రాత్రి శబ్దాన్ని కొంత ఎక్కువగా, పలుచని బట్టలు కట్టిన రాత్రి కొంత తక్కువగా ఆయన దేహమే పీల్చుకొంటున్నది. తేడా అత్యల్పం. ఎవరూ గమనించి ఉండరు, ఎవరూ ప్రశ్నించి ఉండరు. అయినా ఆయన ఆ వేల పరిశీలనలను పక్కకు నెట్టి మొదటికి వచ్చారు. నాటి నుండి ప్రయోగం జరిపిన ప్రతి రాత్రి ఒకే రకమైన కోటు, ఒకే రకమైన పాదరక్షలు ధరించేవారు. పరీక్షకు ముందు ప్రయోగ ఫలితాలను పక్క పుస్తకంలో చూచి దిద్దుకొనే అలవాటు గల మనకు ఈ ఒక్క సంఘటన చాలు.

మెత్తలతో పాటు తివాచీలు, తెరలు, తైలవర్ణ చిత్రాలు, ఇంట్లో పెంచే మొక్కలు, చివరకు మనుష్యులు కూడా ఎంత శబ్దాన్ని పీల్చుకొంటారో ఆయన కొలిచారు. అన్నిటికీ ఒకే కొలబద్ద కావాలి కదా! అందుకు తెరచిన కిటికీని ఎంచుకొన్నారు. కిటికీలోనుండి వెలుపలికి పోయిన శబ్దం తిరిగి రాదు, అంటే సంపూర్ణంగా పీల్చుకొన్నట్లే. కనుక ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ ఒక ప్రమాణం. ఒక వస్తువు అందులో సగం పీల్చుకొంటే దాని విలువ 0.5. నున్నని సున్నపు గోడ విలువ నూటికి రెండు మూడు పాళ్ళు మాత్రమే. అంటే తగిలిన శబ్దంలో నూటికి తొంభైయేడు పాళ్ళను ఆ గోడ మనకే తిరిగి ఇచ్చివేస్తుంది.

రెండేండ్లు దాటినా సేబిన్ ఇంకా కొలతలే తీస్తుండగా, గదికి వెంటనే చికిత్స చెప్పి తీరవలసిందని ఎలియట్ పట్టుబట్టారు. గోడలకు వెంట్రుకల నమదా కప్పించి 1898లో ఆ గదిని వాడుకకు తెచ్చారు. ఆ సంవత్సరమే ఆయనకు అసలు పరీక్ష ఎదురైనది. బోస్టన్ నగరంలో హెన్రీ లీ హిగ్గిన్సన్ పూనికతో కొత్త సంగీత మందిరం కట్టనున్నారు. దానికి శబ్ద విషయంలో సలహాదారుగా సేబిన్ పేరు ముందుకు వచ్చినది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కట్టిన గదిని బాగుచేయడం ఒక ఎత్తు, కట్టని మందిరం ఎలా మ్రోగుతుందో ముందే చెప్పడం మరొక ఎత్తు. పోగుచేసిన అంకెలలో సూత్రమేదో ఉన్నదని తెలుసు, అది ఏదో చేతికి చిక్కలేదు. రోజుల తరబడి ఆ అంకెలతో కుస్తీ పట్టగా 1898 అక్టోబరు 29న అది తేటపడినది. గదిలోని మొత్తం శోషణాన్ని ప్రతినాద కాలంతో గుణిస్తే వచ్చే ఫలితం మారదు. ఒకటి రెట్టింపైతే రెండవది సగమవుతుంది. ఆ స్థిరాంకం గది ఘనపరిమాణంపై ఆధారపడి ఉంటుంది. ఘనపరిమాణాన్ని ఘన మీటర్లలో తీసుకొని, ఈనాడు వాడుతున్న 0.161 అనే సంఖ్యతో గుణించి, చదరపు మీటర్లలో లెక్కించిన మొత్తం శోషణంతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. ఇంత సులభమైన సూత్రం కోసం మానవుడు అన్ని శతాబ్దాలు కట్టడాలు కడుతూ వేచి ఉండవలసి వచ్చినది.

సూత్రం చేతికందిన తరువాత ఆయన సలహాదారు పదవిని స్వీకరించారు. జర్మనీలోని లైప్జిగ్ నగర సంగీత మందిరానికి 2.30, బోస్టన్‌లోని పాత మందిరానికి 2.44 సెకన్లు అని లెక్కించి, కొత్త దానికి 2.31 సెకన్లు వచ్చునట్లు కొలతలు నిర్ణయించారు. 1900 అక్టోబరు 15న బోస్టన్ సింఫనీ హాలు ప్రారంభమైనది. ప్రపంచంలో శాస్త్రీయమైన శబ్ద గణనం ఆధారంగా నిర్మించిన మొదటి సంగీత మందిరం అదే. తొలిరోజులలో కొందరు విమర్శకులు పెదవి విరిచారు. ఆ విమర్శ ఆయన మనసును నొప్పించినది. కాలం గడిచిన కొలది ఆ మందిరం ఖ్యాతి పెరిగి, నేడు ప్రపంచంలోని అత్యుత్తమ సంగీత మందిరాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది.

అదే 1900లో ఆయన వైద్యురాలైన జేన్ కెల్లీని వివాహమాడారు. వారికి ఇద్దరు కుమార్తెలు. 1905లో ఆచార్య పదవి, 1906లో లారెన్స్ సైంటిఫిక్ స్కూలు డీన్ పదవి లభించినవి. పాలనా భారంలోనూ రాత్రి ప్రయోగాలు మానలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఐరోపాకు వెళ్ళి, 1917లో పారిస్‌లోని సోర్బోన్‌లో ఉపన్యసించారు. అక్కడే తీవ్రంగా జబ్బుపడ్డారు. స్వదేశానికి తిరిగివచ్చి, విశ్రాంతి తీసుకొనక, అధ్యాపకత్వాన్ని, ప్రభుత్వ యుద్ధ విమాన సంబంధమైన పనిని రెండింటినీ మోశారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జెనీవా అనే ఊరిలో జార్జ్ ఫేబియన్ అనే సంపన్నుడు ఆయన పరిశోధనల కోసమే ప్రత్యేకంగా ఒక శబ్ద ప్రయోగశాలను నిర్మింపజేశారు. అర్ధరాత్రి అరువు తెచ్చిన మెత్తలతో మొదలుపెట్టిన ఆచార్యునికి చివరకు సొంత ప్రయోగశాల కుదిరినది. కాని అందులో పనిచేసే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1919 జనవరి 10న, యాభైయేండ్ల వయస్సులోనే, ఆయన కన్నుమూశారు. దూరపు బంధువైన పాల్ సేబిన్ ఆ ప్రయోగశాలను నడిపించారు. ఆయన పత్రాలు 1922లో గ్రంథరూపం దాల్చినవి. శబ్ద శోషణ ప్రమాణానికి సేబిన్ అనే పేరు నిలిచినది.

శబ్దంతో ఆడుకోవడం మన దక్కను నిర్మాతలకూ తెలియని విద్య కాదు. గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన ఎత్తుపై ఉన్న బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. బీజాపూర్ గోల్‌గుంబజ్‌లో గోడ దగ్గర గుసగుసలాడితే ఎదుటి గోడ దగ్గర ఉన్నవారికి తెలుస్తుంది. ఆ గుసగుసల గుమ్మటాన్ని సర్ సి.వి. రామన్ శాస్త్రీయంగా పరిశీలించారు. గట్టి గోడ చేత శబ్దాన్ని మోయించడం ఆ కట్టడాల విద్య. మెత్తని వస్తువు చేత శబ్దాన్ని మింగించడం సేబిన్ విద్య. కోటకు మొదటిది కావాలి, పాఠానికి రెండవది కావాలి.

ఇప్పుడు మళ్ళీ గంగారంలోని ఆ గదిలోకి వద్దాం. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల ఖాళీ గది అనుకొందాం. ఘనపరిమాణం 36 ఘన మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిసి 66 చదరపు మీటర్లు. నూటికి రెండున్నర పాళ్ళ చొప్పున శోషణం 1.65. సేబిన్ సూత్రం ప్రకారం ప్రతినాద కాలం మూడున్నర సెకన్లు! ఇప్పుడు సగం శబ్దాన్ని పీల్చే దళసరి బొంతలు, గొంగళ్ళు, మన వరంగల్ జంపఖానాలు దొంతరలుగా పది చదరపు మీటర్ల మేర అమర్చితే కాలం 0.9 సెకనుకు పడిపోతుంది. మరో పది చదరపు మీటర్లు చేర్చితే 0.52. మొదటి పది మీటర్లు రెండున్నర సెకన్లకు పైగా తగ్గించగా, తరువాతి పది మీటర్లు సెకనులో మూడవవంతుకు కొంచెం మించి మాత్రమే తగ్గించినవి. కనుక భయపడవలసినది లేదు. మొదటి అడుగే పెద్ద లాభం.

అయితే బట్ట ఎక్కడ కట్టాలన్నదీ ముఖ్యమే. చదివే వారి నోటికి ఎదురుగా ఉన్న గోడ, వీపు వెనుక గోడ, తలపైన కప్పు మొదట చూడవలసినవి. నున్నని గోడలు ఒకదాని కొకటి ఎదురెదురుగా ఉంటే శబ్దం బంతివలె వాటి మధ్య ఎగురుతుంది. అందులో ఒకదానినైనా కప్పాలి. పలుచని దుప్పటి పై స్థాయి శబ్దాలను మాత్రమే పీల్చి, మంద్ర స్థాయిని వదలివేస్తుంది. సెకనుకు వేయి కంపనాల శబ్దానికి తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు, నూరు కంపనాల శబ్దానికి 3.4 మీటర్లు. తరంగంలో నాలుగవవంతు దూరాన గాలి కదలిక ఎక్కువ. అందుచేత బట్టను గోడకు అంటించక ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు ఎడంగా వ్రేలాడదీస్తే, అదే బట్ట ఎక్కువ పని చేస్తుంది. మంద్ర స్థాయిలో మిగిలిన మోతకు మందమైన పరుపులు, మూలలలో నిలిపిన పత్తి మూటలు కొంత శాంతి కలిగిస్తాయి. బట్టలు నిండిన అలమార తలుపు తెరచి దాని వైపు ముఖం పెట్టి చదివినా మేలే. నోటికి, మైకుకు మధ్య దూరం జానెడు ఉంటే అసలు గొంతు బలపడి గోడల బదులు వెనుకబడుతుంది. మన రెండు చెవులు, వాటి వెనుకనున్న మెదడు ఎదుటివాని మాటను గోడల మోత నుండి కొంత వేరు చేసుకోగలవు. ఒంటి మైకుకు ఆ వివేకం లేదు. గదిలో బాగున్నట్లు తోచిన చదువు రికార్డులో చెడిపోవడానికి కారణమిదే.

తెరచిన కిటికీ సంపూర్ణ శోషణమని సేబిన్ చెప్పారు కదా అని కిటికీ తెరిస్తే, కోడికూత, మోటారు సైకిలు, పక్కింటి టీవీ లోపలికి వస్తాయి. బొంత లోపలి మోతను తగ్గిస్తుందే కాని బయటి రొదను ఆపదు. దానికి సేబిన్ పాటించిన ఉపాయమే శరణ్యం: ఊరు నిదురించిన వేళ పని చేయడం.

విద్యార్థి మిత్రులారా! ఈ మహనీయుని జీవితంలో మనకు అందని వస్తువు ఏదీ లేదు. ఆయన వాడినవి మెత్తలు, గడియారం, చెవులు, ఓపిక. అవి మన పల్లెలోనూ ఉన్నాయి. అరకొర కొలతతో తృప్తి పడని ఆయన నిజాయితీ మాత్రం వెలకు దొరికేది కాదు, అలవరచుకోవలసినది. ఇంట్లోని పాత బొంతను గోడకు కట్టి, చూపు లేని మిత్రునికోసం ఒక పాఠం స్పష్టంగా చదివి వినిపించిన నాడు, ఆ మిత్రుడు మళ్ళీ చెప్పమని అడుగకుండానే పాఠాన్ని అర్థం చేసుకొన్న నాడు, ఫాగ్ మందిరంలో అర్ధరాత్రి మెత్తలు మోసిన ఆ ఆచార్యుని శ్రమ మన గడపలోనూ ఫలించినట్లే.